ఇంజంక్షన్ నిరాకరణపై అప్పీలు: పై కోర్టు ఎక్కడ ఆగాలి?

స్విట్జర్లాండ్ మందుల కంపెనీ రోష్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 17న కొట్టివేసింది. పిల్లల కండరాలను కరిగించేసే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే జన్యువ్యాధికి వాడే రిస్డిప్లామ్‌పై తనకు పేటెంటు ఉందనీ, హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా దాన్ని తయారుచేసి అమ్మకుండా దావా తేలేదాకా ఆపే ఇంజంక్షన్ ఇవ్వాలనీ రోష్ కోరింది. ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి జస్టిస్ మినీ పుష్కర్ణ మార్చి 24న ఆ కోరికను తోసిపుచ్చారు. జస్టిస్ సి. హరిశంకర్, జస్టిస్ అజయ్ దిగ్‌పాల్‌ల డివిజన్ బెంచ్ అక్టోబరు 9న ఆ నిరాకరణను నిలబెట్టింది. ఎనిమిది రోజులకు సుప్రీంకోర్టు కూడా కలుగజేసుకోనంది. నాట్కో మనకు దూరపు పేరు కాదు. దాని కొత్తూరు, మేకగూడ ఫ్యాక్టరీలు పాత పాలమూరు జిల్లా నేల మీద, నాగార్జునసాగర్ దగ్గరి విజయపురి నార్త్ ఫ్యాక్టరీ పాత నల్లగొండ జిల్లా నేల మీద లేచాయి. ఈ తీర్పును చౌక మందుకు దక్కిన గెలుపుగానే ఎక్కువమంది చూశారు. అది నిజమే. కానీ నల్లగొండ పక్కనున్న పానగల్‌లో పొలం హద్దు మీద ఇంజంక్షన్ అడిగి భంగపడ్డ రైతుకు కూడా ఈ కేసులో తన ప్రశ్నే కనిపిస్తుంది. కింది కోర్టు ఇంజంక్షన్ ఇవ్వనన్నాక, పై కోర్టు ఆ నిర్ణయాన్ని ఎంత లోతుగా తిరగదోడాలి? కింది జడ్జి కారణాలు రాసి నిరాకరిస్తే పై కోర్టు వాటిని మన్నించి ఆగాలి. కారణాలే లేని నిరాకరణకు ఆ మన్నన దక్కకూడదు. ఈ రెండో సగాన్ని మన న్యాయ వ్యవస్థ తగినంత పట్టించుకోవడం లేదు.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద తాత్కాలిక ఇంజంక్షన్ అడిగేవారు మూడు సంగతులు చూపించాలి. పైకి చూడగానే తమ కేసులో బలం ఉందనిపించాలి. ఆర్డరు ఇవ్వకపోతే తమకు కలిగే కష్టం, ఇస్తే అవతలివారికి కలిగే కష్టం కన్నా ఎక్కువని తేలాలి. తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందని నమ్మించగలగాలి. ఇచ్చినా, ఇవ్వకపోయినా 43వ ఆర్డరు ఒకటో రూలు కింద అప్పీలు ఉంది. దాన్నే మన జిల్లా కోర్టుల్లో సీఎంఏ అంటారు. ఆ అప్పీలు పరిధి ఎంతన్నది 1990లో వాండర్ వర్సెస్ ఆంటాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాల్-డి-సీ అనే కాల్షియం మాత్రల ట్రేడ్‌మార్కు మీద వచ్చిన తగాదా అది. మద్రాసు హైకోర్టు సింగిల్ జడ్జి ఇంజంక్షన్ నిరాకరించారు, డివిజన్ బెంచ్ దాన్ని తిరగరాసి ఇచ్చేసింది, సుప్రీంకోర్టు మళ్లీ సింగిల్ జడ్జి మాటనే నిలబెట్టింది. కింది జడ్జి విచక్షణను అడ్డగోలుగానో, మనసుకు తోచినట్టో, తిక్కగానో వాడినప్పుడు, లేదా స్థిరపడిన న్యాయసూత్రాలను పక్కనపెట్టినప్పుడు మాత్రమే పై కోర్టు చెయ్యి పెట్టాలి. అదే సాక్ష్యం మీద తానైతే వేరేగా తేల్చేదాన్నన్న ఒక్క కారణం చాలదు. అంటే ఈ సూత్రం పుట్టిందే ఒక నిరాకరణ మీది అప్పీల్లో. ఇంగ్లండులో లార్డ్ డిప్లాక్ 1980ల మొదట్లో హాడ్మర్ కేసులో చెప్పినదీ ఇదే దారి. అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టులు కూడా విచక్షణ దుర్వినియోగమైందా అన్నదే ముఖ్యంగా చూస్తాయి, న్యాయసూత్రంలో తప్పు పడితే మాత్రం స్వేచ్ఛగా సరిదిద్దుతాయి.

రిస్డిప్లామ్ కేసును కొంచెం దగ్గరగా చూస్తే ఈ సూత్రం ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. ఈ మందు సీసాలో వచ్చే పొడి. నీళ్లతో కలిపి రోజూ నోటి ద్వారా ఇస్తారు. సీసాకు 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇరవై కిలోల బరువు దాటిన రోగికి రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి కాబట్టి సీసా పన్నెండు రోజులకు అయిపోతుంది. ఏడాదికి ముప్పై సీసాలు. కేసు నాటికి రోష్ ధర సీసాకు సుమారు 6.2 లక్షల రూపాయలు, నాట్కో ప్రకటించిన ధర 15,900 రూపాయలు. మొదటి లెక్కన ఏడాదికి కోటీ 86 లక్షలు, రెండో లెక్కన 4 లక్షల 77 వేలు. రెండోదీ కూలీనాలీ చేసుకునే ఇంటికి అందేది కాదు. కానీ ప్రభుత్వ పథకమో, ధర్మాసుపత్రో, బంధువుల చందాలో కలిస్తే అందవచ్చుననే ఆశకు అక్కడ చోటుంది. ఇదే వ్యాధికి వాడే జోల్‌జెన్‌స్మా ఒక్క డోసు పదహారు కోట్లన్న మాట విరాళాల విజ్ఞప్తుల పుణ్యమా అని తెలుగు ఇళ్లకు ఇప్పటికే తెలుసు. ఈ కుటుంబాలకు దావా ఎప్పటికి తేలుతుందో చెప్పగలిగినవారు లేరు. పిల్లవాడు ఈ ఏడాది కోల్పోయిన కండబలం వచ్చే ఏడాది వచ్చే డిక్రీతో తిరిగి రాదు.

అయినా కోర్టు జాలితో తీర్పు ఇచ్చిందనుకుంటే పొరపాటు. అసలు తగాదా రసాయనశాస్త్రంలో ఉంది. రోష్‌కు ముందే ఒక విస్తృత పేటెంటు ఉంది, ఆ తర్వాత రిస్డిప్లామ్ అనే నిర్దిష్ట అణువుకు మరో పేటెంటు తీసుకుంది. ఆ రెండోదాని గడువు 2035 మే 11 వరకు ఉంది. ముందటి పేటెంటులోని ఒక సమ్మేళనంలో ఒక చోట కార్బన్-హైడ్రోజన్ జత ఉన్న స్థానంలో నైట్రోజన్ పెడితే రిస్డిప్లామ్ వస్తుందనీ, ఆ మార్పు ఈ రంగం తెలిసిన రసాయనవేత్తకు తట్టని కొత్త సంగతేమీ కాదనీ నాట్కో వాదించింది. పేటెంట్ల చట్టం 107వ సెక్షన్ ప్రకారం, పేటెంటును రద్దు చేయదగ్గ కారణాలన్నీ ప్రతివాది తన రక్షణకు వాడుకోవచ్చు. పరిశీలించి మంజూరు చేసినంత మాత్రాన పేటెంటు చెల్లుతుందనే హామీ ఉండదని 13వ సెక్షన్ చెబుతోంది. మధ్యంతర దశలో నాట్కో ఆ పేటెంటును పూర్తిగా పడగొట్టనక్కర్లేదు, దాని చెల్లుబాటు మీద నమ్మదగిన సందేహం లేపితే చాలు. సింగిల్ జడ్జి ఆ సందేహం లేచిందన్నారు, డివిజన్ బెంచ్ దాన్ని పరీక్షించి సరేనంది. ముఖ్యంగా గమనించాల్సింది ఇక్కడే. సింగిల్ జడ్జి ఎందుకు నిరాకరించారో రాశారు కాబట్టి ఆ తర్కాన్ని పై కోర్టు పరీక్షించగలిగింది.

ఈ మన్ననకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. విచారణ పూర్తయిన దావాలో కింది జడ్జిని మన్నించడానికి కారణం స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన సాక్షిని కళ్లారా చూశాడు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ తడబడ్డాడో విన్నాడు. ఇంజంక్షన్ దశలో ఆ సౌకర్యం ఏదీ లేదు. అంతా అఫిడవిట్లు, జిరాక్సు కాగితాలు, నిపుణుల లిఖిత అభిప్రాయాలు. ఆ కాగితాలే పై కోర్టు ముందూ ఉంటాయి. అలాంటప్పుడు ఇద్దరు సీనియర్ జడ్జీలు తాము చదివి తేల్చుకోకుండా ఒక్కరి అభిప్రాయానికి ఎందుకు తలొగ్గాలి? ఈ వాదనను తేలిగ్గా తోసేయలేం. కానీ ఇంజంక్షన్ దశలో మన్ననకు మూలం కాగితం ఎవరు బాగా చదివారన్నది కాదు, ఆ పని ఎవరికి అప్పగించామన్నది. దావా తేలేదాకా నడిపించడానికి చట్టం ఒక తాత్కాలిక ఏర్పాటును ఒక జడ్జి చేతికి ఇచ్చింది. అది తాత్కాలికం కాబట్టే దాన్ని ప్రతి మెట్టు దగ్గరా మొదటి నుంచి విప్పి చూస్తే, అసలు దావా మొదలుకాకముందే రెండు మూడు దావాలు నడిచిపోతాయి. ఆ ఆలస్యం ఇరుపక్షాల మీదా సమానంగా పడదు. ఆగగలిగిన వాడికి అది అనుకూలం, ఆగలేనివాడికి అదే ఓటమి. పేటెంటు హక్కుదారుకు ప్రతి నెల ఆలస్యమూ ఒక నెల ఆదాయం. కబ్జాలో ఉన్నవాడికి ప్రతి వాయిదా ఒక పంట.

ఇంకో అభ్యంతరం రోష్ లాంటి కంపెనీల పక్షాన వినిపిస్తుంది. చౌక మందు ఒకసారి మార్కెట్లోకి వచ్చాక ధర పడిపోతుంది, తర్వాత దావా గెలిచినా ఆ ధర తిరిగి రాదు, ఆ నష్టాన్ని ఎవరూ కచ్చితంగా కొలవలేరు, పరిశోధనకు పెట్టిన సొమ్ము రాకపోతే రేపటి మందు ఎక్కడి నుంచి వస్తుంది అంటారు. నష్టం ఉండవచ్చుననే మాట నిజం. కొలవలేమన్నది మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. పేటెంట్ల చట్టం 108వ సెక్షన్ గెలిచిన హక్కుదారుకు నష్టపరిహారం గానీ, అవతలివారి లాభాల లెక్క గానీ కోరుకునే వీలిచ్చింది. ఎన్ని సీసాలు అమ్మారో, ఎంతకు అమ్మారో రికార్డుల్లో ఉంటుంది. మరోపక్క మందు అందని పిల్లవాడి నష్టానికి ఏ ఖాతాలోనూ లెక్క లేదు. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూసిన జడ్జిని తూకం తప్పారని పై కోర్టు అనాలంటే చాలా బలమైన కారణం కావాలి. 2008లో రోష్‌కే, సిప్లాకూ మధ్య ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్ మీద జరిగిన కేసులో జస్టిస్ ఎస్. రవీంద్రభట్ ఈ తూకమే వేశారు. రోష్ మాత్ర 4,800 రూపాయలు, సిప్లా మాత్ర 1,600. ఆయన ఇంజంక్షన్ నిరాకరించారు. 2009 ఏప్రిల్‌లో జస్టిస్ ఏ.పీ. షా, జస్టిస్ ఎస్. మురళీధర్‌ల బెంచ్ రోష్ అప్పీలును 5 లక్షల రూపాయల ఖర్చులతో కొట్టివేసింది. సుప్రీంకోర్టు అప్పుడూ జోక్యం చేసుకోలేదు.

ఈ సంయమనం నాట్కోకే కలిసి వచ్చే ఏర్పాటని ఎవరైనా అనుకుంటే ఎల్ట్రాంబోపాగ్ కేసు చూడాలి. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి ఇచ్చే ఆ మందు మీద నోవార్టిస్‌కు 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఇంజంక్షన్ ఇచ్చారు. నాట్కో అప్పీలుకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో డివిజన్ బెంచ్ ఆ అప్పీలును కొట్టివేసింది. ఇంజంక్షన్ ఇచ్చినప్పుడు పాటించిన నిగ్రహాన్నే నిరాకరించినప్పుడూ పాటించాలి. అలా కాక, ఫలితం నచ్చనప్పుడు లోతుగా వెళ్లి, నచ్చినప్పుడు విచక్షణ పేరు చెప్పి ఆగితే సూత్రం మిగలదు. రోగుల పక్షం నిలిచేవారు కూడా ఈ రెండో తీర్పును మింగుడు పడని చేదు మందులా ఒప్పుకోవాల్సిందే.

ఇక మన జిల్లాల్లోకి వద్దాం. నల్లగొండను ఆనుకున్న పానగల్ లాంటి చోట్ల ఉదయసముద్రం కింది పొలాలకూ, పట్నం పెరిగి వచ్చి చేరిన ప్లాట్లకూ మధ్య హద్దులు చెదిరాయి. ఇలాంటి చోట తగాదా వస్తే మొదట వేసేది పర్మనెంటు ఇంజంక్షన్ దావా, దాంతోపాటే 39వ ఆర్డరు కింద ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు. పట్టాదారు పాసుపుస్తకం, పాత పహాణీ నకళ్లు, రిజిస్ట్రీ కాగితం, హద్దులు గీసిన చేతి నక్ష అన్నీ దానికి జతచేస్తారు. అవతలివాళ్ల దగ్గరా ఇలాంటి కట్టే ఉంటుంది. ఈ రెండు కట్టల మధ్య ఏది నమ్మదగిందో, భూమి మీద పొజిషన్ ఎవరిదో జడ్జి చెప్పాలి. పేటెంటు కేసులో అణువు గురించి జడ్జి పడిన కష్టం, ఇక్కడ సర్వే నెంబరు గురించి పడాల్సిన కష్టం ఒకే జాతివి. కానీ ఢిల్లీ కేసులో వాది, ప్రతివాది ఇద్దరికీ దేశంలో పేరుమోసిన లాయర్లు ఉంటారు, ఉత్తర్వు పేజీలకు పేజీలు ఉంటుంది. జిల్లాలో పని భారం కింద నలిగే సివిల్ జడ్జి రోజులో ఎన్నో ఐఏలు చూడాలి. ఆ ఒత్తిడిలో కాగితాల జాబితా రాసి, పిటిషనరు ప్రైమా ఫేసీ కేసు చూపలేకపోయారు, కాబట్టి కొట్టివేశాం అన్న రెండు వాక్యాలతో ముగించే ప్రమాదం ఎక్కువ.

అలాంటి ఉత్తర్వు మీద సీఎంఏ వేస్తే, విచక్షణలో జోక్యం చేసుకోం అనే వాండర్ మాటను చెప్పి కొట్టివేయడం ఆ తీర్పును తప్పుగా చదవడమే. వాండర్ కాపాడింది విచక్షణను. విచక్షణ వాడినట్టు ఉత్తర్వులో ఆనవాలు లేకపోతే కాపాడటానికి అక్కడ ఏముంది? పాత పహాణీలో కాస్తుదారు పేరు ఒకరిది, కొత్త పాసుపుస్తకంలో ఇంకొకరిది ఉన్నప్పుడు, రెండింటిలో దేన్ని ఎందుకు నమ్మారో ఒక పేరా రాయాలి. రాయకపోతే పై కోర్టు తాను కాగితాలు చూసి తేల్చడమో, కారణాలు రాయమని గడువు పెట్టి వెనక్కి పంపడమో చేయాలి. చట్టంలోనే ఇక్కడ ఒక లోటు కనిపిస్తుంది. అవతలివారికి నోటీసు లేకుండా ఇంజంక్షన్ ఇస్తే కారణాలు నమోదు చేయాలని, ముప్పై రోజుల్లో ఆ దరఖాస్తును తేల్చడానికి ప్రయత్నించాలని 1976 సవరణ 39వ ఆర్డరులో చేర్చింది. తొందరపడి ఇచ్చే ఆర్డరు వల్ల జరిగే అన్యాయం చట్టసభకు కనిపించింది. కారణం చెప్పకుండా నిరాకరించడం వల్ల జరిగే అన్యాయానికి అలాంటి మాట ఏదీ లేదు. ఆ లోటును అప్పీలు కోర్టులే పూడ్చాలి.

నిరాకరణ వల్ల పెద్దగా పోయేదేమీ లేదు, దావా ఎలాగూ నడుస్తుంది కదా అనేవారున్నారు. నడిచే దావాలో భూమి కొన్నవాడు ఆ దావా ఫలితానికి కట్టుబడాలని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతున్న మాట నిజమే. అయితే ఆ సెక్షన్ హక్కునే కాపాడుతుంది, నేలను కాపాడదు. బోరు వేసి, హద్దురాళ్లు పాతి, ప్లాట్లు కోసి పదిమందికి అమ్మాక డిక్రీ గెలిచిన రైతు ఆ పదిమందినీ ఖాళీ చేయించడానికి ఎగ్జిక్యూషన్ పిటిషన్ల చుట్టూ తిరగాలి. పైగా సీఎంఏ తర్వాత మరో అప్పీలు లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 104వ సెక్షన్ ఆ దారి మూసేసింది. రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లడం ఒక్కటే మిగులుతుంది, దాని పరిధి ఇంకా ఇరుకు. కాబట్టి చిన్న కేసులో సీఎంఏ విన్న జడ్జే చాలావరకు చివరి జడ్జి. అదే నిజమైతే సంయమనం ఎక్కువ ఉండాలా, పరిశీలన ఎక్కువ ఉండాలా? రెండూ ఉండాలి. ఉత్తర్వులో తర్కం ఉంటే దాన్ని తన ఇష్టానికి మార్చకూడదు, తర్కం లేకుంటే దాన్ని అలాగే వదలకూడదు. వరంగల్ మట్టెవాడ ఇంటి స్థలాల కేసులో 2008లో సుప్రీంకోర్టు, హక్కు మీదే గట్టి వివాదం ఉంటే వట్టి ఇంజంక్షన్ దావా చాలదని, హక్కు నిర్ధారణ కూడా కోరాలని చెప్పింది. కింది కోర్టు ఈ సూత్రం మీద నిరాకరించి ఉంటే అలా అని రాయాలి. అప్పుడు రైతుకు కనీసం తన ప్లీడరును దావా సవరించమని అడిగే దారి తెలుస్తుంది.

మిగిలింది కాలం సంగతి. రోష్-నాట్కో కేసులో మార్చి 24 నాటి నిరాకరణకూ, అక్టోబరు 9 నాటి తీర్పుకూ మధ్య ఆరున్నర నెలలు పట్టింది. ఆ తీర్పు వచ్చాకే నాట్కో మందును విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. ఏ కారణాన అయితేనేం, కోర్టు ఇవ్వనన్న ఇంజంక్షన్ ఫలితాన్ని రోగులు ఆ ఆరున్నర నెలలూ అనుభవించారు. వాణిజ్య కోర్టుల చట్టం 14వ సెక్షన్ అప్పీళ్లను ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటోంది. మధ్యంతర ఉత్తర్వుల మీది అప్పీలుకు ఆరు నెలలు కూడా ఎక్కువే. పై కోర్టు చూడాల్సింది సూత్రం తప్పిందా, తర్కం ఉందా అన్న రెండు ప్రశ్నలే అయినప్పుడు, వాదనలకు గంటల లెక్కన పరిమితి పెట్టి రెండు నెలల్లో ముగించడం అసాధ్యమేమీ కాదు. జిల్లా కోర్టుల్లో సీఎంఏలకు కూడా ఇదే గడువు పెట్టుకుంటే, వానాకాలం నాట్లకు ముందు వేసిన అప్పీలు యాసంగి కోతల దాకా సాగదు.

అసలు దావా మాటేమిటి? ఎర్లోటినిబ్ కేసులో 2008లో మొదలైన పోరు ఇంజంక్షన్ దశ దాటి విచారణ ముగిసి, 2012లో సింగిల్ జడ్జి తీర్పు రోష్‌కు వ్యతిరేకంగా వచ్చి, 2015 నవంబరులో డివిజన్ బెంచ్ ముందు రోష్‌కు అనుకూలంగా తిరిగింది. అప్పటికి పేటెంటుకు మిగిలింది నాలుగు నెలలే, 2016 మార్చిలో దాని గడువు ముగిసింది. హక్కుదారు గెలిచినా చేతికి వచ్చిన ఇంజంక్షన్ ఏమీ లేదు. ఇది రోష్‌కు జరిగిన అన్యాయమే, దాన్ని దాచాల్సిన పని లేదు. దానికి మందు ఇంజంక్షన్ దశను బిగించడంలో లేదు, విచారణను ముందుకు జరపడంలో ఉంది. 2025 అక్టోబరు తీర్పు నాటికి రిస్డిప్లామ్ పేటెంటుకు ఇంకా తొమ్మిదిన్నరేళ్ల ఆయుష్షు మిగిలి ఉంది. సాక్షుల విచారణకు ఢిల్లీ హైకోర్టు ఇప్పుడే తేదీలు ఖరారు చేసి, నాట్కో అమ్మకాల లెక్కలను ఎప్పటికప్పుడు కోర్టుకు సమర్పించేలా చూస్తే, రెండు మూడేళ్లలో పేటెంటు చెల్లుతుందో లేదో తేలిపోతుంది. చెల్లుతుందని తేలితే రోష్ తన నష్టాన్ని అణా పైసలతో సహా రాబట్టుకోవచ్చు, మిగిలిన ఏళ్లకు ఇంజంక్షన్ కూడా అడగవచ్చు.